12 అక్షరాల కోసం 22 ఏళ్లు

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు 'కంప్యూటర్లో తెలుగు' మీద మాట్లాడమన్నారు. నేను కెనడా మీద మాట్లాడతానన్నాను. ఫోన్లో అటు పక్క కాసేపు చప్పుడు లేదు. (నవ్వులు) తెలుగు ఎక్కడికీ పోదు, దారిలో తగులుతుంది. ముందు ఒక బొమ్మ గీద్దాం.

చేతిలో కాగితం ఉన్నవాళ్లు ఒక గుర్రపు లాడం గీయండి. నోరు పైకి ఉండాలి. కెనడా ఆదివాసుల భాషల్లో ఒకటైన క్రీ చదవడం వచ్చినవాళ్లకి ఇది 'తె'. ఇప్పుడు కాగితం తలకిందులు చేయండి. నోరు కిందికి వచ్చింది కదా, అది 'తి'. నోరు ఎడమకి తిరిగితే 'తొ', కుడికి తిరిగితే 'త'. త గుణింతం వచ్చేసింది మీకు. ఇంకో బొమ్మ, ఇంగ్లీషు 'వి' అక్షరం లాంటిది. మొన కిందికి ఉంటే 'పె', పైకి ఉంటే 'పి', కుడికి 'పొ', ఎడమకి 'ప'.

మనం హల్లుకి గుడి పెడతాం, కొమ్ము పెడతాం, ఏత్వం ఇస్తాం. వాళ్లు ఏమీ పెట్టరు, ఏమీ తీయరు. హల్లుని పట్టుకుని తిప్పుతారు. అచ్చు ఏదో దిక్కు చెబుతుంది. దీర్ఘమైతే పైన చుక్క. మాట చివర పొల్లు వస్తే పక్కన పైకి ఒక చిన్న గుర్తు. అంతే లిపి. మొదట్లో మొత్తం పది ఆకారాలు, నాలుగు దిక్కులు. మా మనవరాలికి నేర్పాను, అరగంట పట్టింది. మన ఒత్తులు ఇంకా నేర్చుకుంటూనే ఉంది. (నవ్వులు)

ఈ లిపికి పుట్టుక కథలు రెండున్నాయి. కాగితాల మీద ఉన్నది ఒకటి. జేమ్స్ ఎవాన్స్ అనే మెథడిస్టు మిషనరీ, ఇప్పటి మానిటోబాలో ఉన్న నార్వే హౌస్ అనే చోట, 1840లో దీన్ని తయారు చేశాడని. ఆయనకి పిట్‌మన్ షార్ట్‌హాండ్ తెలుసు. దేవనాగరి ప్రభావం కూడా ఉందని కొందరు పరిశోధకులు అంటారు. అచ్చుయంత్రం లేదు, అక్షరాలు పోతపోయడానికి సీసం లేదు. టీ పెట్టెలకి లోపల వేసే సీసపు రేకులు కరిగించాడు. చేప నూనెలో మసి కలిపి సిరా చేశాడు. బొచ్చు తోళ్లని కట్టలు కట్టే యంత్రాన్నే ప్రెస్సుగా వాడుకున్నాడు. బర్చ్ చెట్టు బెరడు మీద కూడా రాశారు. అందుకే ఆయన్ని బెరడుని మాట్లాడించినవాడు అన్నారట.

రెండో కథ క్రీ జనం చెప్పుకునేది. మిస్తనాస్కోవేవ్ అనే పెద్దమనిషి ఆత్మల లోకానికి వెళ్లి, ఈ గుర్తులు తీసుకుని తిరిగొచ్చాడని. ఏది నిజమని నన్నడక్కండి. లిపి ఎవరిది అన్న ప్రశ్నకి ఆ జనం ఏం జవాబు చెప్పుకుంటున్నారో ఆ రెండో కథలో ఉంది, అది చాలు నాకు. ఒకరి నుంచి ఒకరికి, బొగ్గు ముక్కలతో, బెరడు ముక్కల మీద, మిషనరీలు చేరని ఊళ్లకి కూడా ఆ లిపి వెళ్లిపోయింది. క్రీ నుంచి ఒజిబ్వేకి, ఆర్కిటిక్‌లో ఇన్యూట్ జనం మాట్లాడే ఇనుక్టిటుట్‌కి. ఇన్యూట్‌లకి దాన్ని బాగా వ్యాప్తి చేసినవాడు ఎడ్మండ్ పెక్ అనే ఆంగ్లికన్ మిషనరీ, 1876 తర్వాత.

ఇక కంప్యూటర్ సంగతికి వద్దాం.

కంప్యూటర్‌కి అక్షరం తెలీదు, నంబరు తెలుసు. ఈ మాట మీరు చాలాసార్లు విని ఉంటారు, వివరించను. నేను డీటీపీలో, అంటే కంప్యూటర్ మీద పుస్తకాల పేజీలు కూర్చే పనిలో ఉన్న రోజుల్లో మన తెలుగుకి ఆ నంబర్లు వాడకంలో లేవు. ఇంగ్లీషు అక్షరాల నంబర్ల మీదే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టిన ఫాంట్లు ఉండేవి. ఫాంట్ ఉన్నంత సేపూ తెలుగు, తీసేస్తే కుప్పలు తెప్పలుగా ఇంగ్లీషు చెత్త. ఒకసారి మూడు వందల పేజీల పుస్తకం ఫైలు ఒక ప్రెస్సుకి పంపాను. వాళ్ల దగ్గర ఆ ఫాంట్ కొత్త వెర్షన్ ఉంది. రెండింటికీ కొన్ని ఒత్తుల చోట్లు మారాయి. పుస్తకమంతా 'క్ష' ఉండాల్సిన చోట 'ట్ర' పడింది. లక్ష్మి గారి పేరు ఏమైందో మీరే ఊహించుకోండి. (నవ్వులు) ఆవిడే రచయిత్రి.

ఇన్యూట్‌లదీ ఇదే అవస్థ. నునాకామ్, ప్రోసిల్ లాంటి ఫాంట్లు ఉండేవి, అవీ ఇంగ్లీషు కీల మీద కూర్చున్నవే. ఒక ఫాంట్‌లో కొట్టింది ఇంకో ఫాంట్‌లో తెరిస్తే అర్థం లేని గొడవ. వెతుకుదామంటే దొరకదు. ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అది ఇనుక్టిటుట్ కాదు, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కలిసిన చెత్త.

ఆ మాటకొస్తే వాళ్లకి యంత్రంతో పేచీ అంతకు ముందే ఉంది. ఇనుక్టిటుట్‌లో 'ఐ' అనే స్వరానికి ఒక దిక్కు కేటాయించి ఉండేది. 1976లో లిపిని స్థిరీకరించినప్పుడు ఆ దిక్కుని తీసేశారు. అప్పటి ఎలక్ట్రిక్ టైప్‌రైటర్లలో అక్షరాలు ఒక చిన్న బంతి మీద ఉండేవి. ఆ బంతి మీద 88 గుర్తులకే చోటు. లిపి పట్టలేదు. బంతిని పెద్దది చేయలేం కాబట్టి లిపిని చిన్నది చేశారు. 'అ' పక్కన 'ఇ' రాసుకుంటే 'ఐ' అవుతుంది కదా అన్నారు. క్యూబెక్ ఉత్తర భాగంలోని నునావిక్ వాళ్లు మాత్రం తర్వాత ఆ దిక్కుని మళ్లీ తెచ్చుకున్నారు.

1999 ఏప్రిల్ 1న కెనడా ఉత్తరాన, ఇన్యూట్‌లు ఎక్కువగా ఉండే చోట, నునావుట్ అనే కొత్త ప్రాంతం ఏర్పడింది. లోకంలోని లిపుల అక్షరాలకి నంబర్లు ఇచ్చే ఉమ్మడి జాబితా పేరు యూనికోడ్. ఆ ఏడాది సెప్టెంబరులోనే దాని 3.0 వెర్షన్ వచ్చింది. అందులో ఈ లిపికి 630 నంబర్లు ఇచ్చారు. 630! మన తెలుగుకి 1991లో మొదటి యూనికోడ్‌లోనే చోటు దొరికింది, ఆ చోటు మొత్తం 128 గళ్లు. ఇప్పటికీ సుమారు వందే నిండాయి. పది ఆకారాల లిపికి అన్ని నంబర్లు ఎందుకు?

ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం, విషయమంతా ఇందులోనే ఉంది. తెలుగులో 'కి' రాస్తే కంప్యూటర్ రెండు నంబర్లు దాచుకుంటుంది. క ఒకటి, గుడి ఒకటి. 'స్త్రీ' రాస్తే ఆరు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వాటిని కలిపి ఒక బొమ్మగా చూపించే పని వేరే సాఫ్ట్‌వేర్‌ది. అది తప్పటడుగు వేస్తే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' కొడితే, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు కూడా పడితే, ఐఫోన్లో మెసేజ్ యాప్‌లు కుప్పకూలేవి. తర్వాత అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. జ్ఞానం మోయడం తేలిక కాదని ఆ వారం రోజులూ అందరూ జోకులేశారు.

క్రీ లిపికి ఆ బాధ లేదు. అక్కడ గుణింతపు గుర్తు విడిగా లేదు. తిప్పడం అనేదాన్ని విడదీసి దానికో నంబరు ఇవ్వడం కుదరదు. కాబట్టి 'తె'కి ఒక నంబరు, 'తి'కి ఒకటి, 'తొ'కి ఒకటి, 'త'కి ఒకటి. దీర్ఘాలకి మళ్లీ వేరు. వకారం కలిస్తే పక్కన చుక్క పెడతారు, అది పడమటి క్రీ వాళ్లు కుడి పక్కన పెడితే తూర్పు వాళ్లు ఎడమ పక్కన పెడతారు. దానికీ వేర్వేరు నంబర్లే. అలా ఆరు వందలు దాటింది. ఒక నంబరు, ఒక బొమ్మ, మధ్యలో కలిపి వండే సాఫ్ట్‌వేర్ వంటవాడు లేడు. నాకైతే కాస్త అసూయగానే ఉంటుంది.

కానీ దీనికి వెల ఉంది. కొత్త హల్లు ఒకటి కావాలంటే మనకి ఒక నంబరు చాలు, గుణింతం దానంతట అదే వస్తుంది. వాళ్లకి గుణింతం మొత్తం అడగాలి. అడిగేదాకా ఏదీ లేదు.

ఇప్పుడు అసలు కథ. నునావుట్ పడమటి వైపు నట్టిలిక్ అనే ఇన్యూట్ జనం ఉన్నారు. జోవా హేవెన్, టలోయోక్, కుగారుక్ అనే మూడు ఊళ్లు వాళ్లవి. జోవా హేవెన్ అనేది బయటివాళ్లు పెట్టిన పేరు, వాళ్ల భాషలో ఉక్సుక్‌టూక్, కొవ్వు సమృద్ధిగా దొరికే చోటు అని. చలి దేశంలో ఊరికి అంతకన్నా మంచి పేరు ఏముంటుంది? వీళ్ల మాండలికంలో రెండు ధ్వనులు ప్రత్యేకం. ఒకటి 'హ', తూర్పు వాళ్లు 'స' అనే చాలా చోట్ల వీళ్లు 'హ' అంటారు. రెండోది శ, ర రెండూ ఒకదాన్లో ఒకటి కలిసిపోయినట్టుండే ధ్వని. ఈ రెంటికీ వాళ్ల రాతలో గుర్తులు ఉన్నాయి. 1999 జాబితాలో మాత్రం లేవు.

ఆ జాబితాకి పెట్టిన పేరు 'యూనిఫైడ్', అంటే ఏకీకృతం. క్రీ, ఒజిబ్వే, ఇనుక్టిటుట్, డెనె, క్యారియర్, బ్లాక్‌ఫుట్, ఇన్ని భాషల లిపి రూపాల్ని ఒక్క చోట చేర్చారు. మంచి పనే. కానీ ఒక్కటి చేసేటప్పుడు ఎవరో ఒకరు జాబితా రాయాలి. ప్రామాణికం అనుకున్న పుస్తకాలు, పట్టికలు ముందేసుకుని రాస్తారు. ఆ పట్టికలకి ఎక్కని మూడు ఊళ్ల మాట అందులో ఎలా ఉంటుంది? మనకి తెలీనిదేం కాదు. ఓటరు జాబితాలో పేరు లేకపోతే మనిషి ఎదురుగా నిలబడి 'నేనే' అన్నా ఓటు లేదు.

అక్షరం లేని మనిషి ఏం చేస్తాడు? దగ్గరగా ఉన్న ఇంకో అక్షరంతో సర్దుకుంటాడు. లేకపోతే రోమన్‌లోకి జారిపోతాడు. మన వాట్సాప్ గ్రూపులు చూస్తే అర్థమవుతుంది, 'ఎలా ఉన్నారు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లే ఎక్కువ. మనకి అది బద్ధకం. వాళ్లకి వేరే దారి లేదు.

2009లో ఆ లిపికి ఇంకో 80 అక్షరాలు చేర్చారు. అప్పుడు కూడా నట్టిలిక్ వాళ్లవి రాలేదు. చివరికి ఆ ఊళ్ల పెద్దలు, భాష తెలిసినవాళ్లు, కెవిన్ కింగ్ అనే కెనడా అక్షర రూపశిల్పి కలిసి కూర్చున్నారు. నెదర్లాండ్స్‌లోని టైపోథెక్ అనే ఫాంట్ సంస్థ తరఫున ఆయన ఈ పని చేశాడు. ఏ గుర్తు ఎలా రాస్తారు, ఎక్కడ వాడతారు, పక్కవాళ్ల గుర్తుకీ దీనికీ తేడా ఏమిటి, అన్నీ ఆధారాలతో రాసి యూనికోడ్ వాళ్లకి ఇచ్చారు. 2021 సెప్టెంబరులో యూనికోడ్ 14.0లో వచ్చాయి. లెక్క చూడండి. హల్లులు రెండు. ఇనుక్టిటుట్‌లో అచ్చులు మూడే, ఇ, ఉ, అ. ఒక్కోదానికి హ్రస్వం, దీర్ఘం. రెండు మూళ్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు. 12 అక్షరాలు, 22 ఏళ్లు.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ పన్నెండిట్లో 'హు' అని పలికే అక్షరం యూనికోడ్ పేరు 'హొ'. ఎందుకంటే ఆ దిక్కు క్రీ భాషలో 'ఒ'. లిపి మొదట క్రీ వాళ్లది కాబట్టి పేర్లన్నీ ఆ లెక్కలోనే పెట్టారు. ఇన్యూట్ పిల్లవాడు 'ఉ' అని చదివే అక్షరానికి అధికారిక పేరు 'ఒ'. పేరు మార్చండి అంటే మార్చరు.

మార్చరు అంటే నిజంగానే మార్చరు. ఒకసారి ఇచ్చిన నంబరు తీసేయరు, ఒకసారి పెట్టిన పేరు దిద్దరు. ఇది యూనికోడ్ నియమం. మన పక్కింటి ఉదాహరణ చెబుతాను. 'తమిళ్' అన్న మాట చివర పలికే అక్షరం ఉంది చూశారా, అది పాత కన్నడంలో కూడా ఉంది. యూనికోడ్‌లో ఆ కన్నడ అక్షరానికి పొరపాటున 'ఫ' అని పేరు పెట్టారు. ఆ ధ్వనికీ ఫకారానికీ ఏ చుట్టరికమూ లేదు. తప్పని అందరూ ఒప్పుకున్నారు. అయినా పేరు అలాగే ఉంది, పక్కన 'ఇది పొరపాటు, అసలు పేరు ఇదీ' అని ఒక చీటీ అతికించారంతే. నియమం మొండిదే, కానీ అవసరమైనది. నంబర్లు మారుతూ పోతే నిన్న రాసిన ఫైలు రేపు తెరుచుకోదు. మా లక్ష్మి గారి పుస్తకంలా అవుతుంది.

అందుకే ఆ జాబితా రాసే రోజు బల్ల చుట్టూ ఎవరున్నారన్నది నాకు ముఖ్యం. తర్వాత వచ్చి అడిగితే చేరుస్తారు, దిద్దరు. ఏ నంబరుకి ఏ బొమ్మో చూపించే యూనికోడ్ చార్టులో బొమ్మ తప్పుంటే మాత్రం దిద్దుతారు. ఫాదర్ మోరిస్ 1885లో క్యారియర్ భాష కోసం మలిచిన అక్షరాలకి ఈమధ్యే అలా దిద్దుబాట్లు జరిగాయి. కానీ ఫాంట్లు చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ భాష చదవలేరు, చార్టు చూసే గీస్తారు. చార్టులో తప్పు ఉన్నన్నాళ్లూ ఫాంట్లలోనూ తప్పే.

చెరోకీ వాళ్ల కథ దీనికి కాస్త వేరు. వాళ్లు అమెరికా ఆదివాసులు. సెక్వోయా అనే చెరోకీ మనిషికి ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్ల కాగితాలు 'మాట్లాడటం' చూసి, మన భాష ఎందుకు మాట్లాడకూడదని ఏళ్లతరబడి కూర్చుని 1821 నాటికి లిపి పూర్తి చేశాడు. ఏడేళ్లు తిరక్కుండానే, 1828 ఫిబ్రవరి 21న, ఆ లిపిలో 'చెరోకీ ఫీనిక్స్' అనే పత్రిక వచ్చింది. 1999లో వాళ్లకీ నంబర్లు వచ్చాయి, 85. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్న తేడా లేదనుకుని ఇచ్చారు. కానీ పాత అచ్చు పుస్తకాల్లో వాక్యం మొదట పెద్ద సైజు అక్షరం వాడటం ఉంది. 2015లో యూనికోడ్ 8.0లో చిన్నక్షరాలు చేర్చారు. మరి పాతవి ఏమవ్వాలి? పాతవన్నీ పెద్దక్షరాలు అన్నారు. అంటే పదహారేళ్లుగా చెరోకీలో టైపు చేసినదంతా ఒక్కరోజులో క్యాప్స్ లాక్ వేసి కొట్టినట్టయింది! (నవ్వులు) వెతుకులాటలో ఇంగ్లీషుకైతే కంప్యూటర్ పెద్దక్షరాల్ని చిన్నవి చేసి పోలుస్తుంది. చెరోకీకి మాత్రం తిరగేసి, చిన్నవాటిని పెద్దవి చేసి పోలుస్తుంది. పాతవాటి లెక్క కదపకూడదు కాబట్టి.

అయితే చెరోకీల సొంత ప్రభుత్వం, చెరోకీ నేషన్ వాళ్లు, ఊరుకోలేదు. కంపెనీల వెంటపడ్డారు. 2010లో ఐఫోన్లో, 2012లో జీమెయిల్లో వాళ్ల భాష వచ్చింది. అంత చిన్న భాషకి అది మామూలు సంగతి కాదు.

మన దగ్గరా ఇలాంటిది ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల అనే ఊళ్లో గోండీ రాతప్రతులు దొరికాయి. ఆ లిపికి 2018లో యూనికోడ్ 11.0లో నంబర్లు వచ్చాయి. అంతకు ముందు ఏడాదే ఇంకో గోండీ లిపికి వచ్చాయి, అది బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసారం 1918లో చేసినది. రెంటినీ 'ఏకీకృతం' చేయకుండా విడివిడిగా ఉంచడం నాకు నచ్చింది.

ఒక మాట దాచకూడదు. నంబర్లు వచ్చినంత మాత్రాన లిపి గెలిచినట్టు కాదు. కెనడాలో ఇన్యూట్‌ల జాతీయ సంస్థ ఐటీకే 2019లో అన్ని మాండలికాలకీ కలిపి ఒక రోమన్ రాతని ఆమోదించింది. అందరికీ ఒకే రాత ఉంటే బడి పుస్తకాలు తేలికని వాళ్ల వాదన. ఈ తిప్పుడు అక్షరాలతోనే పెరిగినవాళ్లకి అది మింగుడు పడదు. బయటివాణ్ని, తీర్పు చెప్పను.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒకరు: ఇలా ఒక అక్షరం చేర్చమని అడగాలంటే ఎంత ఖర్చవుతుందండీ?)

ఫీజు ఏమీ లేదు. ఎవరైనా పంపొచ్చు. కానీ ఆ అక్షరం నిజంగా వాడుకలో ఉందనో, ఒకప్పుడు ఉండేదనో ఆధారాలు చూపించాలి. అచ్చు పేజీలు, రాతప్రతుల ఫొటోలు, అకారాది క్రమంలో ఎక్కడ వస్తుంది, ఇవన్నీ. వాళ్లు ప్రశ్నలడుగుతారు, మీరు దిద్ది మళ్లీ పంపుతారు. ఏళ్లు పడుతుంది. ఖర్చంతా ఓపికే.

(ఇంకొకరు: తెలుగుకి ఇంకా ఏమైనా రావాల్సినవి ఉన్నాయా?)

వస్తూనే ఉన్నాయి. మన ౘ, ౙ లకి నంబర్లు 2008లో వచ్చాయి. అదే విడతలో, లైబీరియాలో వాయి జనం రెండు వందల ఏళ్ల కిందట సొంతంగా చేసుకున్న లిపికి 300 వచ్చాయి. ఇక నకారపొల్లు అని ఒకటుంది. పాత రాతల్లో, పాత అచ్చులో 'న్'కి విడిగా ఉండే రూపం. మీ తాతగార్ల పుస్తకాలు ఉంటే తిరగేయండి, కనిపిస్తుంది. దానికి నంబరు ఎప్పుడొచ్చిందో తెలుసా? యూనికోడ్ 14.0, 2021 సెప్టెంబరు. నట్టిలిక్ వాళ్ల పన్నెండూ, మన నకారపొల్లూ ఒకే బండిలో వచ్చాయి.

(మొదటివారు: మరి మా ఫోన్లలో కనిపిస్తుందా?)

ఆ నంబరు ఇప్పుడే మీ గ్రూపులో పెడతాను, చూడండి. నంబరు ఇచ్చేది యూనికోడ్, బొమ్మ గీయాల్సింది ఫాంట్ వాళ్లు, ఆ ఫాంట్ ఫోన్లో పెట్టాల్సింది కంపెనీ. నా దాంట్లో ఖాళీ డబ్బా వస్తోంది. ఎవరి ఫోన్లో అక్షరం కనిపించిందో చెయ్యెత్తండి.